గూడు వదలని మొసలి

కోటిరత్నం మొగుడు సింగయ్యను మొసలి ఎత్తుకుపోయి మూడేళ్లయింది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, రేపల్లె దిగువన మడ అడవిని ఆనుకుని ఉన్న మడపాలెంలో ఆ మాటను ఎవరూ అనుమానించలేదు. చూసినవాడు ఒక్కడే, సింగయ్య పినతల్లి కొడుకు ఏడుకొండలు. ఆ రోజు పడవలో ఉన్నది వాళ్లిద్దరే. శవం దొరకలేదు. ఆ ఏడుకొండలుకే కోటిరత్నాన్ని మారుమనువు ఇవ్వాలని పెద్దలు కూర్చున్న నాడు ఆమె, "ముందు ఆ మొసలిని చావనీండి, తర్వాత మాట్లాడదాం" అని లేచి వచ్చేసింది. దాన్ని చంపవద్దని చెప్పడానికి బాపట్ల నుంచి వచ్చిన ఫారెస్టు రేంజరు దేవదానం మీద చేపలు కడిగిన నీళ్లు కుమ్మరించింది. ఇవన్నీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి. శ్రావణమాసంలో ఒక పొద్దున రేవు నుంచి కేకలు వినపడి, ఆమె బాగుచేస్తున్న వల అక్కడే పడేసి పరుగెత్తడం దగ్గర ఆగాం.

మొసలి ఇంకా చావలేదు.

పడవ వెనక తాడు కట్టి దాన్ని ఈడ్చుకొచ్చారు. మూతికి కొబ్బరితాడు చుట్టి ముడి బిగించారు. ముందుకాళ్లు రెండూ వీపు మీదికి విరిచి కట్టారు. కుడి డొక్కలో దిగిన ఈటె ములుకు లోపలే ఉండిపోయింది. కర్ర విరిగి జానెడు ముక్క బయటికి పొడుచుకొచ్చి, మొసలి ఊపిరి తీసినప్పుడల్లా కదులుతోంది. ఆటు పట్టి రేవులో నీళ్లు వెనక్కి పోయాయి. తేలిన బురదలోకి మగవాళ్లంతా కలిసి లాగి, వెల్లకిలా తిప్పబోయి, తోక ఆడించేసరికి వదిలేసి వెనక్కి గెంతారు.

మొదట పిల్లలు బురద ముద్దలు విసిరారు. అది ఏమీ చేయదని తెలిశాక రాళ్లు విసిరారు. ఎవడో తెడ్డు తెచ్చి కంట్లో పొడిచాడు. మొసలి తల పక్కకు తిప్పుకుంది. అది చూసి అందరూ నవ్వారు.

ఏడుకొండలు పడవ అంచు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. మోకాళ్ల దాకా బురద, చొక్కా నిండా రక్తం. జనం చుట్టూ మూగి అడుగుతుంటే తాపీగా చెబుతున్నాడు.

"గూడు మీద పడుకునుంది. నన్ను చూసి నోరు తెరిచి బుసకొట్టిందే గాని లేవలా. గెడ తీసుకుని గూడు కెలికా. అప్పుడొచ్చింది మీదికి. ఈటె దించా. పక్కనే నీళ్లు. దూకిందంటే ఇంక నాకు దొరికేది కాదు. దూకలా. మళ్లీ పాక్కుంటా పోయి గూడు మీదే పడుకుంది. ఎన్ని పోట్లు పొడిచినా గూడు దిగలేదనుకో."

"దానికి పొయ్యేకాలం," అన్నాడు ఒక ముసలాయన. మళ్లీ నవ్వారు.

కోటిరత్నం జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. మూడేళ్లుగా ఆమె దీన్ని కలలో చూస్తోంది. కలలో అది ఇంతకంటే పెద్దది, దాని నోట్లో సింగయ్య చెయ్యి కనపడేది. ఇక్కడ బురదలో పడి ఉన్నదానికి ఒక కన్ను పోయి నీరు కారుతోంది. అయినా ఆమెకు జాలి కలగలేదు. ఇన్నాళ్లకు దొరికావు అనుకుంది.

ఆమె అత్త వెంకాయమ్మను ఎవరో రెక్క పట్టుకుని నడిపించుకొచ్చారు. కొడుకు పోయాక ఏడ్చి ఏడ్చి ఆమె చూపు మసకబారింది. కొడుక్కి కర్మ కూడా సరిగ్గా చేసుకోలేకపోయింది. దహనానికి శరీరం లేదు, పూడ్చడానికి ఎముక లేదు. మూడేళ్లుగా ఆమె రాత్రిపూట అన్నం ముట్టదు.

"బతికే ఉందా?" అని అడిగింది వెంకాయమ్మ.

"ఉంది పెద్దమ్మా. మీ కోసమే ఉంచా," అన్నాడు ఏడుకొండలు.

"గొడ్డలేదీ? రత్నం చేతికివ్వండి. నా కొడుకు పేరు చెప్పి కొట్టవే."

గొడ్డలి వచ్చింది. కోటిరత్నం కొంగు నడుముకు బిగించింది. మొదటి దెబ్బ పుర్రె మీద జారి పక్కకు పోయింది. రెండో దెబ్బకు తోక లేచి బురద ఆమె మొహాన చిమ్మింది. తుడుచుకోకుండా కొట్టింది. ఎముక పగిలిన చప్పుడు వినపడ్డాక కూడా కొట్టింది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని, "చాల్లే అమ్మాయ్, తోలు పాడైపోద్ది" అన్నారు. అప్పుడు ఆపింది.

గుండెల మీద నుంచి ఏదో దిగిపోతుందనుకుంది. ఏమీ దిగలేదు. 

తోలు పాడవుతుందన్న మనిషి పేరు ముత్తయ్య. తెనాలిలో ఒక తోళ్ల వ్యాపారి దగ్గర పనిచేస్తాడు. తోలు వలవడంలో చెయ్యి తిరిగిన మనిషి. ముందురోజు సాయంత్రమే రేపల్లె రైలు దిగి, ఏడుకొండలు ఇంట్లో బస చేశాడు. అంటే మొసలి చావకముందే దాని తోలుకు బేరం కుదిరిందన్న మాట. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ముత్తయ్య కత్తులు నూరుకుని కూర్చున్నాడు. నలుగురు పట్టి మొసలిని వెల్లకిలా తిప్పారు. తోక మొదట్లో వేలుపెట్టి చూసి అతను తల ఊపాడు.

"ఇది ఆడదమ్మా."

"ఆడదైతే ఏంటి?" అంది కోటిరత్నం.

"ఏం లేదు. పడవంత పొడుగు, మగది అని చెప్పారు మా సావుకారుకి. ఇది అందులో సగమే."

"నీళ్లలో చూస్తే ఏదైనా పెద్దదిగానే కనపడుద్ది," అన్నాడు ఏడుకొండలు. "నువ్వు కోసే పని చూడు."

ముత్తయ్య కత్తి అందుకున్నాడు. పొట్ట నిలువునా కోశాడు. వాసనకు ముందు వరసలోవాళ్లు ముక్కు మూసుకున్నారు. పేగులు పక్కకు తీసి, బిగుతుగా ఉన్న ఆహారపు తిత్తిని బయటికి లాగి బురద మీద పెట్టి, దాన్నీ చీల్చాడు.

"నేను చూస్తా," అంది కోటిరత్నం.

"నువ్వెందుకు వదినా? నేను చూస్తా ఆగు," అంటూ ఏడుకొండలు ముందుకు వచ్చాడు.

"నా మొగుడు. నేనే చూసుకుంటా."

ఏడుకొండలు వెనక్కి తగ్గి పడవ వైపు పోయాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ లోపల పెట్టింది. మోచేతుల దాకా వెచ్చగా తగిలింది. గులకరాళ్లు వచ్చాయి. పీత డిప్పలు వచ్చాయి. నల్లటి ఈకల ముద్ద ఒకటి వచ్చింది. మరేమీ లేదు. తిత్తి దాదాపు ఖాళీ. ఆమె దాన్ని తిరగేసింది. సంచిని తిరగేసి దులిపినట్టు దులిపి, మడత మడతా వేళ్లతో తడిమింది. సింగయ్య నడుముకు వెండి మొలతాడు ఉండేది. పుట్టినప్పుడు తల్లి కట్టించి, మనిషి పెరిగేకొద్దీ కంసాలికి ఇచ్చి పెంచుతూ వచ్చిన తాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదు. మాంసం అరిగిపోయినా వెండి అరగదని పల్లెలో అందరూ అన్నారు. ఆ మాట పట్టుకునే ఆమె మూడేళ్లు బతికింది.

"ఉందా అమ్మా?" అని అడిగింది వెంకాయమ్మ.

"లేదత్తా."

వెంకాయమ్మ ఉన్నచోటే కూలబడింది. కోటిరత్నం లేచి నీళ్ల అంచుకు పోయి, జనానికి వీపు తిప్పి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. రక్తం పోయినా జిగురు పోవడం లేదు. ఇసుక తీసుకుని రుద్దుతుంటే వెనక నుంచి కేక వినపడింది.

"ఉంది. ఇదిగో, ఉంది."

ఏడుకొండలు తిత్తి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని పిడికిట్లోంచి వెండి తాడు వేలాడుతోంది, దాని మీద రక్తం కారుతోంది. "మడతలో ఇరుక్కుంది పెద్దమ్మా," అంటున్నాడు. "వదిన కంగారులో చూసుకోలా."

జనం ఒక్కసారి కదిలారు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. తాడు వెంకాయమ్మ చేతికి వచ్చింది. చూపు ఆనకపోయినా ఆమె వేళ్లకు తెలిసింది. మధ్యలో ఒకసారి గొలుసు తెగితే సింగయ్య రాగితీగతో తనే ముడేసుకున్నాడు. ఆ ముడి దగ్గర ఆమె వేలు ఆగింది.

"నా బిడ్డదే," అంది. దాన్ని చెంపకు ఆనించుకుంది. మొసలి రక్తం ఆమె చెంప మీద నుంచి మెడ మీదికి జారింది. "నా బిడ్డ వచ్చాడే రత్నం."

కోటిరత్నం దగ్గరకు వచ్చి చూసింది. తాడు సింగయ్యదే. అందులో అనుమానం లేదు. కానీ అది ఆ తిత్తిలోంచి రాలేదు. తిత్తి అడుగు దాకా తడిమాయి తన చేతులు. తిరగేసింది. దులిపింది. అంత పొడుగు తాడు అందులో ఉంటే తగలకపోవడం అనేది లేదు.

ఇంకొకటి కూడా చూసింది. తాడు తెగిన చోట గొలుసు నలగలేదు, సాగలేదు. నున్నగా తెగింది. కత్తి కోత అది.

మొసలి కడుపులో లేని తాడు ఇన్నాళ్లూ ఎవరి ఇంట్లో ఉంది? సింగయ్య నడుము మీద నుంచి దాన్ని ఎవరు కోశారు? కోసేటప్పుడు సింగయ్య ఎందుకు ఊరుకున్నాడు?

ఆమె ముత్తయ్య వైపు చూసింది. తిత్తి పక్కనే కూర్చున్న మనిషి, అతను చూడకుండా ఉండడు. ముత్తయ్య ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసి, తల వంచుకుని తోలు మీది కొవ్వు గీకసాగాడు.

"ఇంక పెద్దలు మాట్లాడుకోవచ్చు," అన్నాడు ఒకాయన. "ఆ అమ్మాయి పెట్టిన షరతు తీరిపోయిందిగా."

ఏడుకొండలు చేతులు తుడుచుకుంటూ లేచాడు. "ఏమంటావు రత్నం?" అన్నాడు.

ఇన్నేళ్లలో అతను ఆమెను వదినా అనకుండా పిలవడం అదే మొదలు.

"ఒప్పుకోవే," అంది వెంకాయమ్మ, తాడు గుండెకు హత్తుకుని. "నా కొడుకు పగ తీర్చాడు. నా కొడుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడు కాక ఇంకెవరున్నారే మనకి?"

కోటిరత్నం అత్త మొహం చూసింది. మూడేళ్లుగా బిగుసుకుని ఉన్న ఆ మొహం వదులైంది. ఇప్పుడు నోరు విప్పితే ఆ ముసలిదాని చేతిలో ఉన్నది కొడుకు కాదు, కొడుకుని చంపినవాడు దాచుకున్న వస్తువు అని చెప్పాలి.

"సరే," అంది.

*

దేవదానం సైకిలు మీద కట్ట వెంబడి వచ్చేసరికి సగం తోలు ఊడింది. చుండూరులో లూథరన్ పాస్టరుగారి కొడుకు. నలభై ఏళ్లుంటాయి. కిందటిసారి తన మీద పడిన నీళ్ల సంగతి అతను మరిచిపోయాడో లేదో గాని, కోటిరత్నం వైపు కూడా చూడలేదు. సైకిలు పక్కన పడేసి, బూట్లతోనే బురదలోకి దిగి మొసలి తల దగ్గర కూర్చున్నాడు. పగిలిన పుర్రె మీద చెయ్యి పెట్టాడు.  పల్లెవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవడో కిసుక్కున నవ్వి ఆపుకున్నాడు.

"నేను తెనాలిలో చదువుకునేటప్పుడు," అన్నాడు దేవదానం, "స్టేషన్లో వీటి తోళ్లు ఉప్పు చల్లి గుట్టలు గుట్టలుగా వేసేవాళ్లు. మద్రాసు బండి వచ్చిందాకా ఆ వాసనకి ప్లాట్‌ఫారం మీద నిలబడలేకపోయేవాళ్లం. మొసళ్లకేం తక్కువ అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నా. ఈ వేసవంతా నిజాంపట్నం నుంచి కృష్ణ అవతలి ఒడ్డు దాకా పడవ మీద తిరిగా. ఇది తప్ప ఇంకో ఆడది నాకు కనపడలేదు."

"మనుషుల్ని తినేదానికి అంత బాధెందుకండి?" అన్నాడు ఏడుకొండలు.

"ఇది మనుషుల్ని తిన్నదని ఎవరు చెప్పారు?"

"నేను చూశానండి."

దేవదానం అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. రక్తం, బురద, చేతి మీద తాడు ఒరుసుకున్న గుర్తులు. లేచి నిలబడ్డాడు.

"రెండేళ్లయింది చట్టం వచ్చి. దీన్ని చంపినవాడు జైలుకు పోతాడు. ఇందులో నా ఇష్టాయిష్టాలు లేవు. ఎవరు చంపారు?"

 ముత్తయ్య కత్తి ఆగింది. వెంకాయమ్మ తాడును చీర మడతలో దాచుకుంది.

కోటిరత్నం ఆ ఒక్క నిమిషంలో అంతా ఆలోచించింది. పేరు చెబితే ఏడుకొండలు జైలుకు పోతాడు. మొసలి కోసం పోతాడు. సింగయ్య కోసం పోడు. దాన్ని చంపినందుకు సాక్షులు ఊరంతా ఉన్నారు, సింగయ్యకు ఏమైందో చెప్పేవాడు వీడొక్కడే. వీణ్ణి తీసుకుపోతే ఆ మాట కూడా వీడితోపాటు పోతుంది. తిరిగి వచ్చాక ఏనాటికీ చెప్పడు.

"ఎవరూ చంపలేదండి," అంది. "చచ్చి కొట్టుకొచ్చింది."

దేవదానం ఆమె చేతుల వైపు చూశాడు. పక్కన పడి ఉన్న గొడ్డలి వైపు చూశాడు.

"నువ్వు నా మీద నీళ్లు పోసినప్పుడు నాకు కోపం రాలేదమ్మా," అన్నాడు. "ఇప్పుడొస్తోంది."



"సరే. కేసు సంగతి తర్వాత చూస్తా. గూడు ఎక్కడుందో అది చెప్పండి. గుడ్లు పిల్లలయ్యే రోజులు ఇవి. పిల్లలు లోపల నుంచే అరుస్తాయి. తల్లి విని, పైనున్న చెత్తా మట్టీ తోసి, వాటిని నోట్లో పెట్టుకుని నీళ్లకు తీసుకుపోతుంది. తల్లి లేకపోతే అవి పైకి రాలేవు. లోపలే ఊపిరాడక చస్తాయి. ఆ గుడ్లు దొరికితే పొదిగించి పెంచవచ్చు. కొత్తగా ఏర్పాట్లు జరుగుతున్నాయి."

"చస్తే చావనీండి సార్. పీడా పోద్ది," అన్నారెవరో వెనక నుంచి.

ఈసారి నవ్వింది ఒకరిద్దరే. దేవదానం ఎవరైనా పడవ ఇస్తారా అని అడిగాడు. అందరి పడవలకూ ఏదో ఒక పని ఉంది. అడిగిన ప్రతివాడూ తల గోక్కుని పక్కకు తప్పుకున్నాడు. చివరికి అతను సైకిలెక్కి, పై ఊళ్లో పడవ దొరుకుతుందేమో చూస్తానని వెళ్లిపోయాడు.

కట్ట మీద సైకిలు కనుమరుగయ్యాక ఏడుకొండలు కోటిరత్నం పక్కకు వచ్చాడు. మొహంలో దాపరికం లేని సంతోషం. తన కోసం అబద్ధమాడిన మనిషిని చూస్తున్నాడు.

"ఆయన పడవ వెతుక్కుని వచ్చేలోపు పోయొస్తా," అన్నాడు గొంతు తగ్గించి. "పిల్లల్ని కూడా తీసుకుంటారంట ముత్తయ్య వాళ్ల సావుకారు. గడ్డి కూరి, గాజు కళ్లు పెట్టి మద్రాసులో దొరల షాపుల్లో అమ్ముతారంట."

"నేనూ వస్తా."

"నువ్వా? ఎందుకు?"

"ఆయన పోయిన చోటు చూడాలి. మళ్లీ పెళ్లయ్యాక పోతే బాగుండదు."

ఏడుకొండలు కాసేపు ఆలోచించాడు. "సరే, రా," అన్నాడు.

*

ఇంటికి పోయి చీర మార్చుకునేసరికి వెంకాయమ్మ చింతపండుతో మొలతాడు తోముతోంది. వెండి తెల్లగా తేలుతోంది.

"అత్తా," అంది కోటిరత్నం.

"ఊఁ?"

"అది..."

"ఇవాళ రాత్రికి అన్నం తింటానే," అంది వెంకాయమ్మ, తల ఎత్తకుండా. "కాస్త పులుసు పెట్టు. వాడికిష్టమైన పులుసు. వాడికో ముద్ద తీసి, నేనూ తింటా."

కోటిరత్నం గుమ్మంలో నిలబడిపోయింది. తర్వాత, "పెడతా," అని చెప్పి రేవుకు పోయింది.

పోటు ఎక్కుతోంది. పడవ పాయలోకి తిరిగాక ఊరి చప్పుడు వెనకబడింది. ఇరువైపులా మడ చెట్లు, వాటి వేళ్లు బురదలోంచి పైకి లేచి ఉన్నాయి. ఎండ ఉన్నా ఆకుల కింద చీకటిగానే ఉంది. ఏడుకొండలు వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. ఆమె ముందు కూర్చుంది. పడవలో ఒక గోనెసంచి, తాడు చుట్ట, ఇంకేమీ లేవు.

"ఆ రోజు ఇదే దారినా?" అని అడిగింది.

"ఇదే."

"ఏం పని మీద వచ్చారు? వల తీసుకుపోలా మీరు. వల ఇంట్లోనే ఉంది."

గెడ ఒకసారి నీళ్లలో ఆగి, మళ్లీ పైకి వచ్చింది.

"గూడు చూడ్డానికి," అన్నాడు ఏడుకొండలు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"అన్నకి తెలుసు దీని గూడు. ఏటా ఎక్కడ పెడుతుందో, ఎప్పుడు పెడుతుందో అన్నీ తెలుసు. మగవాటిని పట్టించాడు, చిన్నవాటిని పట్టించాడు, దీని దగ్గరకొచ్చేసరికి పట్టనివ్వలా. ఇదొక్కటే మిగిలింది, దీన్ని ముట్టుకోవద్దనేవాడు. తెనాలి సావుకారు మనిషిని పంపితే తిట్టి పంపేశాడు. నాకు చూపించమని ఎన్నిసార్లు అడిగానో. ఆ రోజుకి ఒప్పుకున్నాడు, చూపిస్తా గాని చెయ్యి వేయొద్దు అని ఒట్టు వేయించుకుని."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెబితే రేపల్లె బజారు దాకా పోద్దని నవ్వేవాడు."

కోటిరత్నం ముందుకు తిరిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది. గొడ్డలి ఎత్తినప్పుడల్లా సింగయ్య పేరు తలుచుకుంది తను. సింగయ్య దాచి కాపాడినదాన్ని సింగయ్య పేరు చెప్పి పగలగొట్టింది. తన చేత కొట్టించారు అని చెప్పుకోవడానికి కూడా లేదు. ఎవరో చెయ్యి పట్టుకునేదాకా ఆపలేదు తను.

ఆమెకు ఏడుపు రాలేదు. 

పాయ మలుపు తిరిగాక ఒక మెరక కనిపించింది. పడవ ఆనించి, ఏడుకొండలు తాడు ఒక వేరుకు చుట్టాడు. మెరక మీద ఆకులు, రెల్లు, బురద కలిపి పోసిన కుప్ప ఒకటి, సగం చెదిరిపోయి ఉంది. చుట్టూ నేలంతా రక్తం ఎండి నల్లబడింది. గెడ దిగిన చోట గుడ్లు చితికి, పెంకుల మీద చీమలు పట్టాయి. కుప్ప నుంచి నీళ్ల దాకా తోక ఈడ్చిన జాడలు లేవు. ఉన్నవన్నీ కుప్ప చుట్టూనే తిరిగి ఉన్నాయి. అది చివరిదాకా ఇక్కడే తిరిగింది.

అప్పుడు వినపడింది. మొదట కప్పలనుకుంది. కప్పలు కావు. నేల లోపల నుంచి, ఆకుల అడుగు నుంచి, సన్నగా తెగి తెగి వస్తున్న అరుపు. ఒకటి ఆగితే ఇంకొకటి అందుకుంటోంది. ఆమె నడిచిన అడుగు చప్పుడుకు అవి మరింత గట్టిగా అరిచాయి.

అమ్మ వచ్చిందనుకున్నాయి.

కోటిరత్నం మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. కుళ్లిన ఆకులు వెచ్చగా ఉన్నాయి. గుప్పెడు తర్వాత గుప్పెడు పక్కకు తోసింది. తెల్లటి గుడ్డు ఒకటి బయటపడింది. దాని పెంకు నెర్రె విచ్చి, లోపల నుంచి చిన్న మూతి పొడుచుకొచ్చింది. పెంకు ఒలిచింది. జానెడు పిల్ల, తడిగా, ఆమె వేలు కరిచి పట్టుకుంది. పళ్లు సూదుల్లా దిగాయి. ఆమె వదిలించుకోలేదు. కొంగులో వేసుకుని ఇంకొకటి తీసింది. ఆ పక్కది తీసేసరికి అరుపు ఆగిపోయి ఉంది, పెంకులోనే చచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఇంకా లోపలికి తవ్వింది.

"ఈ సంచిలో వెయ్యి," అన్నాడు ఏడుకొండలు.

ఆమె వినిపించుకోలేదు. సంచి ఆమె పక్కన నేల మీద పడింది. అతను వెనక నిలబడే ఉన్నాడు. అతని నీడ కుప్ప మీద పడుతోంది.

"తిత్తి మొత్తం తిరగేసి చూశావంటగా," అన్నాడు. "ముత్తయ్య చెప్పాడు."

ఆమె చేతులు ఆగలేదు.

"రేంజరు అడిగినప్పుడు చెప్పేస్తావనుకున్నా. చెప్పలా. నా మీద మనసుందేమో అనుకున్నా. రేవు నుంచి ఇక్కడిదాకా అట్టాగే అనుకుంటా వచ్చా." అతని నీడ కుప్ప మీద నుంచి తప్పుకుంది. "వల సంగతి అడిగావు చూడు, అప్పుడు తెలిసింది."

పడవ తాడు వేరు మీద నుంచి విప్పిన చప్పుడైంది. పోటు నీళ్లు పడవను మెల్లగా లోపలికి తీసుకుపోవడం ఆమెకు కంటి చివర కనపడింది. మెరక మీద ఇప్పుడు వాళ్లిద్దరే. కొంగులో పిల్లలు ఒకదాని మీద ఒకటి పాకుతూ అరుస్తున్నాయి.

"అన్న కూడా అక్కడే కూర్చున్నాడు," అన్నాడు ఏడుకొండలు. "ఇట్టాగే మోకాళ్ల మీద, గుడ్ల మీద ఆకులు సర్దుతా. ఇట్టాగే నాకు వీపు పెట్టి."

కోటిరత్నం వెనక్కి తిరగలేదు. ఇంకో గుడ్డు మీద మట్టి తోసింది.

"వీపు పెట్టి, తర్వాత?" అంది.